రంగు తక్కువ కాదు, తెలుపు ఎక్కువ

క్రిస్మస్ కుకీల మీద ఎర్రటి నక్షత్రం వేయాలని తెల్లటి రాయల్ ఐసింగ్‌లో ఎర్ర రంగు కలిపితే మొదట వచ్చేది లేత గులాబీ. ఇంకాస్త వేస్తే ముదురు గులాబీ. సీసా సగమయ్యేసరికి ఐసింగ్ పలచబడి జారిపోతుంది, నాలుకకు చేదు తగులుతుంది, నక్షత్రం మాత్రం అనుకున్నంత ఎర్రబడదు. నలుపు సంగతి మరీ కష్టం, అది బూడిద రంగు దగ్గరే ఆగిపోతుంది. ఇంట్లో బేకింగ్ చేసేవాళ్లు సాధారణంగా దీనికి రంగునే తప్పుపడతారు, నాసిరకమనో చాలలేదనో అనుకుంటారు. నిజానికి చాలా గిన్నెల్లో రంగు సరిపడానే ఉంటుంది. దాన్ని కంటికి కనపడనివ్వనిది ఐసింగ్‌లోని తెలుపు. ఆ తెలుపు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుసుకుని దాన్ని తగ్గించుకుంటే, తక్కువ రంగుతోనే నిండైన ఎరుపు వస్తుంది.

పటికబెల్లం ముక్కను వెలుతురుకు ఎత్తి చూడండి, అవతలి వైపు కనిపిస్తుంది. దాన్నే మెత్తగా నూరితే తెల్లటి పొడి అవుతుంది. కోడిగుడ్డు తెల్లసొన కూడా పచ్చిగా ఉన్నప్పుడు పారదర్శకమే, గిలక్కొడితే తెల్లబడుతుంది. అంటే ఈ రెండింటిలోనూ తెల్ల రంగు అనే పదార్థమేమీ లేదు. చక్కెర రేణువుకూ దాని చుట్టూ ఉన్న ద్రవానికీ మధ్య, ద్రవానికీ గాలి బుడగకూ మధ్య ఉండే లక్షలాది సరిహద్దుల దగ్గర కాంతి వంగుతుంది, తిరుగుతుంది, చివరికి వచ్చిన దారినే బయటికి వెళ్లిపోతుంది. భౌతికశాస్త్రంలో దీన్నే కాంతి పరిక్షేపణం అంటారు. రంగు పని ఇందుకు పూర్తిగా భిన్నమైనది. ఎర్ర రంగు తన మీద పడిన కాంతిలోంచి నీలాన్ని, ఆకుపచ్చను మింగేసి ఎరుపును మాత్రం వదులుతుంది. అలా మింగాలంటే కాంతి ఐసింగ్ లోపలికి కొంత దూరమైనా వెళ్లి రంగు అణువులను తగలాలి. బుడగలు, రేణువులు నిండిన ఐసింగ్‌లో కాంతి పైపైనే తిరిగి వచ్చేస్తుంది. లోపల ఎంత రంగు ఉన్నా దానికి దక్కేది కొంచెమే.

పెయింట్ పూతల విషయంలో ఈ లెక్కను పాల్ కుబెల్కా, ఫ్రాంజ్ ముంక్ అనే ఇద్దరు 1931లో ఒక సమీకరణంగా రాశారు. మందమైన పూత ఎంత ముదురుగా కనిపిస్తుందన్నది రంగు కాంతిని మింగే శక్తికీ, పూత కాంతిని చెదరగొట్టే శక్తికీ మధ్య ఉండే నిష్పత్తి మీద ఆధారపడుతుందన్నదే అందులోని సారం. దాన్ని ఐసింగ్‌కు వర్తింపజేసి చూద్దాం. రంగు లేని ఐసింగ్ తన మీద పడిన ఆకుపచ్చ కాంతిని నూటికి నూరు పాళ్లూ తిప్పికొడుతుందనుకుందాం. ఒక కొలత ఎర్ర రంగు వేసినప్పుడు ఈ నిష్పత్తి 0.1 అయితే, తిరిగి వచ్చే ఆకుపచ్చ 64 పాళ్లకు పడిపోతుంది. అంటే మొదటి కొలత ఒక్కటే 36 పాళ్లు తగ్గించింది. రెండు కొలతలకు 54, నాలుగుకు 42, ఎనిమిదికి 30, పదహారుకు 20. మొదటి కొలత చేసినంత పని మరోసారి జరగాలంటే మొత్తం ఎనిమిది కొలతలు దాటి పోయాలన్నమాట. సీసా సగమైనా నక్షత్రం ఎర్రబడకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. నిష్పత్తిని పెంచడానికి ఇంకో దారి కూడా ఉంది. చెదరగొట్టే శక్తిని సగానికి తగ్గించినా, రంగును రెట్టింపు చేసినా ఫలితం ఒక్కటే. తడిసిన నూలు బట్ట ముదురుగా కనిపించేది ఇందుకే. దాని పోగుల మధ్య గాలి ఉండే చోట నీరు చేరి పరిక్షేపణాన్ని తగ్గిస్తుంది, అద్దకంలో మార్పేమీ ఉండదు.

కాబట్టి ముదురు రంగు కావాల్సిన ఐసింగ్‌ను నురగలా పొంగేదాకా గిలక్కొట్టకూడదు. బీటర్‌ను తక్కువ వేగంలో తిప్పాలి, కలిపాక గిన్నెను బల్ల మీద రెండు మూడుసార్లు తట్టి మూతపెట్టి ఉంచాలి. రాత్రి కలిపి పొద్దున చూస్తే రంగు ముదిరిందని బేకర్లు చెబుతుంటారు. ఆ వ్యవధిలో బుడగలు పైకి తేలి పగిలిపోతాయి, కరగకుండా మిగిలిన రంగు పూర్తిగా కరిగి అంతటా పరుచుకుంటుంది. అందుకే కలిపిన వెంటనే చూసి ఇంకా వేయడం తొందరపాటు. కాస్త గ్లూకోజ్ సిరప్ చేర్చడం మరో ఉపాయం. సిరప్ కాంతిని వంచే తీరు, అంటే దాని వక్రీభవన గుణకం, నీటికన్నా చక్కెరకు దగ్గరగా ఉంటుంది కనుక రేణువుల దగ్గర కాంతి అంతగా చెదరదు, పైపెచ్చు ఐసింగ్‌కు మెరుపు వస్తుంది. నల్ల ఐసింగ్‌ను తెలుపుతో కాకుండా కోకో పొడి కలిపిన గోధుమ రంగుతో మొదలుపెట్టాలని అనుభవజ్ఞులు చెప్పేదీ ఈ లెక్కకు సరిపోతుంది. కోకో ముందే కాంతిలో చాలా భాగాన్ని మింగేస్తుంది, నల్ల రంగు మిగతాది చూసుకుంటే చాలు. గట్టిగా గిలక్కొట్టకపోతే అంచు గీతలు నిలబడవు కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, నిలబడవు. కానీ అంచు గీత సన్నగా ఉంటుంది, ఎక్కువ చోటు ఆక్రమించేది గీత లోపల పోసే పలుచటి ఐసింగ్. గాలి తక్కువగా ఉండాల్సింది దానిలోనే. పలచన చేసే నీళ్లలో రంగు నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి కనుక ద్రవ రంగుకన్నా జెల్ రంగు మేలు.

బటర్‌క్రీమ్ దగ్గర ఇంకో చిక్కు ఎదురవుతుంది. వెన్నలో కనీసం 80 శాతం కొవ్వు, 16 శాతానికి మించకుండా నీరు ఉంటాయి. టార్ట్రాజీన్, కార్మోయిసిన్ లాంటి రంగులు నీటిలోనే కరుగుతాయి కనుక కొవ్వు మధ్య చిక్కుకున్న చిన్న చిన్న నీటి బొట్లలోనే ఉండిపోతాయి. చుట్టూ ఉన్న కొవ్వుకూ గాలికీ రంగు అంటదు. రంగు వేసిన క్రీమ్‌లోంచి నాలుగైదు చెంచాలు తీసి కరిగేంత వరకు కొద్దిగా వేడి చేసి, తిరిగి మిగతా దానిలో కలిపితే రంగు చిక్కబడుతుంది. కరిగినప్పుడు అందులోని గాలి పోతుంది, నీటి బొట్లు కొత్తగా సర్దుకుంటాయి. కరిగించిన తెల్ల చాక్లెట్‌లో అయితే నీటి రంగు వేయనే కూడదు, రెండు చుక్కలకే గడ్డకడుతుంది. అక్కడ లేక్ రంగులు వాడాలి. ఇవి అల్యూమినియం హైడ్రాక్సైడ్ మీద రంగును పట్టించి చేసిన సన్నటి పొడులు, కరగకుండానే కొవ్వులో పరుచుకుంటాయి. పసుపు మాత్రం కొవ్వులో హాయిగా ఇమిడిపోతుంది, దానిలోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు.

ఇంత లెక్క ఎందుకు, సహజ రంగులు వాడితే సరిపోదా అని చాలామంది అంటారు. వాడవచ్చు, కానీ వాటికీ షరతులున్నాయి, అవి ఇంకా కఠినం. శంఖుపుష్పం నీలం, ఎర్ర క్యాబేజీ ఊదా రెండూ ఆంథోసయనిన్లే. నిమ్మరసం పడితే ఎరుపు వైపు, క్షారం తగిలితే నీలం వైపు జరుగుతాయి. గుడ్డు తెల్లసొన స్వభావతః క్షారం, నిల్వ ఉన్న కొద్దీ ఆ గుణం పెరుగుతుంది. క్యాబేజీ రసంతో గులాబీ వస్తుందనుకున్న ఐసింగ్ నీలంగా మారడానికి కారణమదే. బీట్‌రూట్ ఎరుపు ఓవెన్ వేడికి గోధుమ రంగుకు తిరుగుతుంది కనుక దాని చోటు ఐసింగే, పిండి కాదు. సోడా వేసిన పిండిలో పసుపు ఎర్రబడవచ్చు. కృత్రిమ రంగులూ అన్నీ స్థిరమైనవి కావు. గులాబీ, నీలం కలిపి చేసిన ఊదా రంగు కిటికీ దగ్గర పెట్టిన కుకీల మీద క్రమంగా నీలంగా మిగిలిపోతుంది. గులాబీకి వాడిన ఎరిత్రోసిన్ వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది, నీలం నిలిచి ఉంటుంది. మళ్లీ ఊదా వేయడం కన్నా కుకీలను చీకటి డబ్బాలో ఉంచడం మంచిది.

రంగు ఎక్కువైతే వచ్చే నష్టం రుచితో ఆగదు. విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో గాలిలో తేమ ఎక్కువ, చక్కెర ఆ తేమను పీల్చుకుంటుంది. ఎర్ర ఐసింగ్ పక్కన తెల్లది వేస్తే, ఆ తేమ గుండా రంగు తెల్ల భాగంలోకి పాకుతుంది. ఎరుపు ఎంత చిక్కగా ఉంటే అంత వేగంగా, అంత దూరం పాకుతుంది. ఒక రంగును ఫ్యాను కింద పూర్తిగా ఆరనిచ్చి, ఆ తర్వాతే పక్కది వేయాలి.

ఇక్కడిదాకా గిన్నెలోని రంగు సంగతి చూశాం. కంటికి కనిపించే రంగు సగం పక్కనున్న రంగు చేతిలో ఉంటుంది. దీన్ని శాస్త్రీయంగా నిరూపించినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రూల్. కొవ్వుల రసాయన నిర్మాణం మీద 1823లో గొప్ప గ్రంథం వెలువరించిన ఆయన, 1824లో పారిస్‌లోని గోబెలిన్ నేత కార్ఖానాలో అద్దకాల విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడ నేసిన బట్టల్లో నలుపు వెలవెలబోతోందన్న ఫిర్యాదులు వచ్చేవి. ఆయన పరిశీలిస్తే నల్ల దారంలో లోపమేమీ లేదు, పక్కనే వేసిన నీలం, ఊదా దారాలే దాన్ని పాలిపోయినట్టు చూపిస్తున్నాయి. దీని మీద 1839లో ఆయన రాసిన పుస్తకం చిత్రకారులకు పాఠ్యమైంది. కుకీ అలంకరణకు ఇది నేరుగా పనికొస్తుంది. మధ్యస్థమైన ఎరుపును నారింజ పక్కన పెడితే మందగిస్తుంది, ఆకుపచ్చ ఆకు పక్కన పెడితే అదే ఎరుపు పైకి ఉబికి వస్తుంది. పక్కన ఏ రంగు వేయాలో ముందే అనుకుంటే ఇంకో చెంచా రంగు అవసరం పడదు.

పండగకు ఒక్కసారి తినే కుకీకి ఇంత జాగ్రత్త అవసరమా అన్నది చివరి అభ్యంతరం. ఒక్క రోజు తిన్నందుకు ఎవరికీ ముప్పు రాదన్న మాట న్యాయమైనదే. అయినా అంకెలు చూడాలి. మన దేశంలో బిస్కట్లు, కేకులు, మిఠాయిల వంటి అనుమతించిన పదార్థాల్లో కృత్రిమ రంగు సాధారణంగా కిలోకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. ఎరిత్రోసిన్ విషయంలో అంతర్జాతీయ నిపుణుల సంఘం జీవితాంతం రోజూ తీసుకున్నా ఫర్వాలేదన్న మోతాదు కిలో శరీర బరువుకు 0.1 మిల్లీగ్రాము. 20 కిలోల బిడ్డకు అది రోజుకు 2 మిల్లీగ్రాములు. కిలోకు 100 మిల్లీగ్రాముల చొప్పున ఎరిత్రోసిన్ ఉన్న ఐసింగ్ 20 గ్రాములు తింటే ఆ 2 మిల్లీగ్రాములూ అయిపోతాయి. కొలవకుండా కంటితో చూసి కలిపే గిన్నెలో పాళ్లు ఆ హద్దు దాటడం చాలా సులభం. కొన్ని కృత్రిమ రంగులకూ పిల్లల్లో అతి చురుకుదనానికీ సంబంధం ఉండవచ్చని 2007లో బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధన సూచించాక, 2010 నుంచి ఐరోపా సమాఖ్య ఆరు రంగులకు హెచ్చరికను తప్పనిసరి చేసింది. ఆ సాక్ష్యం తిరుగులేనిది కాదు. కానీ తక్కువతో సరిపోయే పనికి ఎక్కువ వేయడానికి ఒక్క కారణమూ లేదు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం విడిగా పొట్లాల్లో అమ్మే పేరులేని రంగు పొడి. మెటానిల్ ఎల్లో, రోడమిన్-బి బట్టల మీదికి, కాగితం మీదికి పనికొచ్చేవి, ఆహారంలో వీటికి అనుమతి లేదు. రోడమిన్-బి కారణంగానే 2024లో తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. సీసా మీద రంగు పేరు, అందులో అసలు రంగు ఎంత శాతమో, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్య ఉన్నాయో లేదో చూసి కొనాలి. అర కిలో ఐసింగ్‌కు పై హద్దు ప్రకారం సరిపోయే స్వచ్ఛమైన రంగు 50 మిల్లీగ్రాములు, చిటికెడుకన్నా తక్కువ. జెల్‌ను టూత్‌పిక్ కొనతో తీసుకుని కలిపి, మూతపెట్టి, ఇంకా కావాలా వద్దా అన్నది పొద్దున నిర్ణయించుకోవచ్చు.