వేప పూత యూరియా: బస్తాలోని నత్రజని పైరునకు చేరుటెట్లు?

2025వ సంవత్సరపు వానకారు పంట కాలమున తెలంగాణలోను, ఆంధ్ర ప్రదేశ్‌లోని పెక్కు మండలములలోను యూరియా కొరకు రైతులు తెల్లవారకముందే సహకార సంఘముల ముంగిట వరుసలు కట్టిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండియే యుండును. కొన్నిచోట్ల తమకు మారుగా చెప్పులను, పట్టాదారు పాసుపుస్తకములను వరుసలో ఉంచినవారును కలరు. అంత శ్రమకోర్చి తెచ్చుకొన్న బస్తాలోని సారము పైరునకు ఎంత దక్కినది, గాలిలోను నీటిలోను ఎంత కలిసిపోయినది అని లెక్క చూచుకొనిన రైతులు ఎందరు? ఈ ప్రశ్న రైతుది మాత్రమే కాదు, పంచాయతీది కూడ. ఏలయన, పైరునకు దక్కని నత్రజనిలో కొంతభాగము ఊరి త్రాగునీటి బావికే చేరును.

ముందుగా లెక్క చూతము. నేడు అమ్మకములో నున్న యూరియా బస్తా 45 కిలోలు. 2018వ సంవత్సరమునకు పూర్వము అది 50 కిలోలుగా నుండెడిది. రైతు ఎరువును కిలోలతో గాక బస్తాలతో లెక్కించి చల్లును గనుక, బస్తా తగ్గినచో వాడకమును తగ్గునని ప్రభుత్వము ఆ మార్పు చేసినది. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. అనగా బస్తాకు 20 కిలోల 700 గ్రాములు. నీరు నిలిచిన వరిమడిలో వెదజల్లిన నత్రజనిలో పైరు గ్రహించునది సాధారణముగా నూటికి 30 మొదలు 40 పాళ్లు మాత్రమేనని శాస్త్రజ్ఞుల అంచనా. ఈ లెక్కన బస్తాకు ఆరు మొదలు ఎనిమిది కిలోలు మాత్రమే పైరు పాలగును. తక్కినదంతయు వ్యర్థమనుట సరికాదు. కొంత నేలలోని సేంద్రియ పదార్థములో చేరి తరువాతి పైరునకు అక్కరకు వచ్చును. కాని అధికభాగము పొలము విడిచి పోవునదే. రైతు బస్తాకు చెల్లించు 266 రూపాయల 50 పైసలు దాని అసలు వెలలో కొద్దిభాగమే యగుటచే, ఈ నష్టము పడవలసినంతగా కంటబడుట లేదని మా అభిప్రాయము.

ఈ నత్రజని ఏ దారిని పోవుచున్నదో తెలిసికొనిన గాని దానిని నిలుపు ఉపాయము బోధపడదు. మడిలో పడిన యూరియా, నేలలోని ఒక జీవద్రవ్యము వలన కొలది దినములలోనే అమ్మోనియాగా మారును. నిలువ నీటిలో నాచు పెరిగి యున్నప్పుడు మధ్యాహ్నపు ఎండలో ఆ నీటికి క్షారగుణము హెచ్చును. అప్పుడు అమ్మోనియా వాయువై గాలిలోనికి లేచిపోవును. ఇది మొదటి దారి. గాలికి పోక మిగిలిన అమ్మోనియా బంకమట్టిని అంటిపెట్టుకొని కొంతకాలము భద్రముగా నుండును. అయితే నేల పైపొరలో గాలి సోకుచోట నైట్రోసోమోనాస్ మొదలగు సూక్ష్మజీవులు దానిని క్రమముగా నైట్రేటుగా మార్చును. నైట్రేటును మట్టి పట్టి ఉంచలేదు. అది నీటితో క్రిందికి దిగును. వరిమడిలోనైనచో గాలి చొరని లోపలి పొరకు దిగి, అచ్చటి వేరొక జాతి సూక్ష్మజీవుల వలన వాయురూపము దాల్చి ఎగిరిపోవును. ఆ వాయువులలో ఒకటైన నైట్రస్ ఆక్సైడు, భూతాపమును పెంచుటలో బొగ్గుపులుసు వాయువు కంటె సుమారు 270 రెట్లు శక్తి గలది. మొక్కజొన్న, ప్రత్తి వంటి మెట్టపైరులలో నైట్రేటు ఇంకను లోతునకు పోయి భూగర్భజలములో కలియును. ఇది రెండవ దారి.

వేప ఈ రెండవ దారికి అడ్డుకట్ట. వేపగింజలోని చేదు పదార్థములు నైట్రోసోమోనాస్ వేగమును తగ్గించును. పొలమున వేపపిండి చల్లుట మన పెద్దలకు ఎరుకయే. దానిని యూరియాకు పూసి చూచు ప్రయత్నములు 1970 ప్రాంతమున ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థలో జరిగినవి. ఆ పరిశోధన పొలమునకు చేరుటకు చాలకాలము పట్టినది. చివరకు 2015వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము దేశమున తయారగు యూరియాకంతకును, పిమ్మట దిగుమతియగు దానికిని, వేపనూనె పూతను తప్పనిసరి గావించినది. రాయితీ యూరియా ప్లైవుడ్ జిగురు తయారీ వంటి పరిశ్రమలకు తరలిపోకుండుట ఈ నిర్ణయమునకు మరియొక ఉద్దేశము. పాత కర్మాగారము 1999లో మూతపడిన రామగుండమున 2022 నవంబరులో జాతికంకితమైన నూతన కర్మాగారము కూడ వేప పూత యూరియానే తయారుచేయుచున్నది.

ఇట్లు పూత పూసి యిచ్చుచుండగా రైతు చేయవలసినది ఇంకేమున్నది? డెల్టాలోని ఒక గ్రామమున సభ్యులతో మేము ముచ్చటించుచున్నప్పుడు ఒక పెద్దాయన, “అయ్యా, వేపనూనె పూసిందే ఇస్తున్నారు కదండీ, మళ్ళీ మమ్మల్ని వేపపిండి కలపమంటారేంటండీ?” అని అడిగిరి. న్యాయమైన ప్రశ్న. పూతలో ఉండవలసిన వేపనూనె కనీస ప్రమాణము పది లక్షల పాళ్లకు 350 పాళ్లు. 45 కిలోల బస్తాలో ఇది సుమారు 16 గ్రాములు! పూత వలన మేలు కలదు, కాని అది కొద్ది నూనెతో కలుగు మేలు. పైగా అది నైట్రేటుగా మారుటనే మందగింపజేయును. మొదటి దారిని, అనగా ఎండకు అమ్మోనియా ఎగిరిపోవుటను, ఆపజాలదు. వేప పూత ఉన్నదను ధీమాతో నిలువ నీటిలో మధ్యాహ్నము యూరియా చల్లిన రైతు, తలుపు మూసి కిటికీ తెరచియుంచిన వాని వంటివాడు.

నత్రజనిని పైరు కోరినంత మేరకు కొద్దికొద్దిగా విడుదల చేయు ఎరువులు వేరుగా కలవు. గుళికపై గంధకపు పూత వేయు పద్ధతిని 1960 దశకమున అమెరికాలో టెన్నెసీ లోయ సంస్థ వారు అభివృద్ధి చేసిరి. మన దేశమున 2023 జూలైలో ‘యూరియా గోల్డ్’ అను పేర గంధకపు పూత యూరియా విడుదలైనది. అందు నత్రజని నూటికి 37 పాళ్లు, గంధకము 17 పాళ్లు. జపానులో ప్లాస్టిక్కు పూత గుళికలను నారు పోయునాడే నారుపెట్టెలో వేసి, ఇక పైపాటు లేకయే వరి పండించు పద్ధతియు వాడుకలోనికి వచ్చినది. ఈ పూత నేల వెచ్చదనమును బట్టి సారమును విడుచును గనుక పైరు ఎదుగుదలకు చక్కగా సరిపోవును. కాని సారము ఖాళీ అయిన తరువాత ప్లాస్టిక్కు చిప్పలు పొలములో మిగిలి, మురుగునీటి వెంట సముద్రతీరము చేరుచున్నవని అచ్చటనే గుర్తించిరి. వెలయు హెచ్చు. కావున మన చిన్న రైతు ఆ గుళికల కొరకు ఎదురుచూడ నక్కరలేదు. అవి చేయు పనిలో చాలభాగమును చేతిలో నున్న యూరియాతోనే చేసికొనవచ్చును.

వ్యవసాయ విశ్వవిద్యాలయము వారు చిరకాలముగా చెప్పుచున్న పద్ధతి ఇది. వరికి నిర్ణయించిన నత్రజనిని మూడు సమభాగములు చేసి, దమ్ములో ఒకటి, దుబ్బు చేయునప్పుడు ఒకటి, అంకురము ఏర్పడు దశలో ఒకటిగా వేయవలెను. పైపాటు వేయుటకు ముందు మడిలోని నీటిని తీసివేసి, బురద పదనులో సమముగా వెదజల్లి, 36 మొదలు 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టవలెను. బురదలో దిగిన అమ్మోనియాను మట్టి పట్టుకొనును. పైన నీరు లేదు గనుక ఎగిరిపోవుటకు అవకాశము తక్కువ. 50 కిలోల యూరియాకు 10 కిలోల వేపపిండిని, లేదా 250 కిలోల తేమమట్టిని కలిపి రెండు దినములు నిలువయుంచి చల్లినచో ఇంకను మంచిది. నేటి 45 కిలోల బస్తాకు 9 కిలోల వేపపిండి చాలును. ప్రక్కవాని మడి నల్లగా నున్నదని అదనముగా నాలుగవ మారు చల్లు అలవాటును మానవలెను. నత్రజని మితిమీరిన మడిలో అగ్గితెగులు, దోమపోటు హెచ్చును; పైరు పడిపోవును. ఆకు రంగు పట్టికను ఆకు ప్రక్కన పట్టి చూచినచో ఎరువు అవసరమా కాదా తేలిపోవును. అట్టి పట్టికలు నాలుగైదు పంచాయతీ కార్యాలయమున ఉంచుట పెద్ద వ్యయము కాదు.

బంగ్లాదేశ్ రైతులు మరియొక మార్గము పట్టిరి. యూరియాను రెండు మూడు గ్రాముల బిళ్లలుగా ఒత్తించి, నాలుగు దుబ్బుల నడుమ ఒకటి చొప్పున మూడు నాలుగు అంగుళముల లోతున గుచ్చుదురు. మూడవవంతు యూరియా ఆదాయగుచున్నను, కూలి హెచ్చగుటచే ఇది అందరికిని సాధ్యము కాలేదు. వరుసలలో నాటిన మెట్టపైరులకు మాత్రము మొక్క మొదటికి కొంచెము దూరముగా గుంత తీసి ఎరువు వేసి మట్టి కప్పుట మన ఊళ్లలో తెలిసిన పనియే, దానిని విడువరాదు.

ఇక పంచాయతీ పూనుకొనిన గాని జరుగని పనులు. మడి నుండి మడికి నీరు పారు ఆయకట్టులో ఒక రైతు తానొక్కడే నీరు తీయజాలడు. పై మడివాడు విడిచిన నీరు వీని మడిలోనికి వచ్చును; వీడు చల్లిన యూరియా దిగువవాని మడికి పోవును. మురుగుబోదెలు పూడియున్నచోట నీరు తీయుడని చెప్పుటయే వ్యర్థము. ఒక బోదె క్రింది రైతులందరును ఒకే వారములో పైపాటు వేయునట్లు నీటి సంఘముతో మాటలాడి రోజులు నిర్ణయించుట, అంతకుముందే బోదెలు బాగుచేయించుట సభ్యుల చేతిలోనిది. ఈ ఒక్క ఏర్పాటు వలన కలుగు ఆదా బస్తాపై ఏ పూత వలనను కలుగదని మేము నమ్ముచున్నాము. పంచాయతీ స్థలములందలి వేపచెట్ల గింజలు ఏటేట రాలి మట్టిపాలగుచున్నవి. వానిని మహిళా సంఘములచే ఏరించి, నీడలో ఆరబెట్టించి, గానుగకు పంపినచో ఊరికి కావలసిన వేపపిండిలో కొంతయైనను ఊరిలోనే లభించును.

త్రాగునీటి మాట మొదటనే చెప్పితిమి. భారతీయ ప్రమాణముల ప్రకారము లీటరు త్రాగునీటిలో నైట్రేటు 45 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటితో పాలు కలిపి పట్టినచో ఆరుమాసములలోపు శిశువుల రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోయి దేహము నీలివన్నె తిరుగు ప్రమాదము కలదు. నీటిని కాచినందువలన నైట్రేటు పోదు సరికదా, నీరు ఇగిరినకొలది చిక్కనగును. బావిలో నైట్రేటు హెచ్చుటకు ఎరువు ఒక్కటే కారణము కాదు. పెంటకుప్పలు, మరుగుదొడ్ల గుంతలు కూడ కారణములే. కావున పొలముల నడుమనున్న బావిని, ఊరి నడుమనున్న బావిని వేరువేరుగా పరీక్షింపవలెను. జల్ జీవన్ మిషన్ క్రింద గ్రామములకు చేరిన పరీక్షాపేటికలతో నైట్రేటును ఊరిలోనే చూడవచ్చును. వానలకు ముందొకసారి, రెండవ పైపాటు వేసిన నెలకు ఒకసారి పరీక్షించి, ఆ రెండు అంకెలను గ్రామసభలో చదివి వినిపించవలెను. అంకె హెచ్చిన బావి నీటిని పసిపిల్లలకు పట్టరాదని ఆ యిండ్లవారికి ఆనాడే తెలియజేయవలెను.