స్టీరింగు లోపములు – ప్రభుత్వ విచారణ – మన కర్తవ్యము

బామ్ని నుండి సిరొంచకును, అటనుండి గోదావరి వంతెన దాటి కాళేశ్వరము వైపునకును సాగు బండ్లలో పెద్దలతోపాటు మన పిల్లలును ప్రయాణము చేయుచుందురు. ఇంజిను చెడినచో బండి ఆగును, ప్రయాణము ఆలస్యమగును. స్టీరింగు చెడినచో బండి ఎటు పోవునో చెప్పలేము. ఆ భాగము ఎట్లు పనిచేయును, లోపము కనబడినపుడు ప్రభుత్వ విచారణ ఎట్లు జరుగును, అందు మన వంతు ఏమి అను విషయములను తల్లిదండ్రులకు తెలుపుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

డ్రైవరు స్టీరింగు చక్రమును త్రిప్పగా దాని ఇరుసు క్రిందనున్న గేరుపెట్టెను కదల్చును. గేరుపెట్టెకు ఇరువైపులనున్న టై రాడ్లు అను కడ్డీలు ముందు చక్రములను త్రిప్పును. మూలమైన ఏర్పాటు ఇంతియే. కాని బండి బరువంతయు టైర్లపై నుండుటచే ఈ పని చేతులకు శ్రమ కలిగించును. ఆ శ్రమను తగ్గించుటకు వచ్చినదే పవర్ స్టీరింగు. పాత పద్ధతిలో ఇంజిను నడుపు పంపు నూనెను ఒత్తిడితో పంపి సాయపడును. ఇప్పటి కార్లలో పెక్కింటియందు విద్యుత్ మోటారు ఆ పని చేయును. డ్రైవరు ఎంత బలముతో త్రిప్పుచున్నాడో ఒక సెన్సారు కొలువగా, చిన్న కంప్యూటరు మోటారుకు తగినంత కరెంటు నిచ్చును.

కావున స్టీరింగు లోపములు రెండు విధములని గ్రహింపవలెను. మొదటిది, పవర్ సాయము ఆగిపోవుట. అప్పుడు చక్రము హఠాత్తుగా బరువెక్కును గాని సంబంధము తెగదు. డ్రైవరు కంగారుపడక రెండు చేతులతో గట్టిగా పట్టి, వేగము తగ్గించి, బండిని ప్రక్కకు చేర్చవచ్చును. నడచుచున్న బండిలో తాళము మాత్రము తీయరాదు; తీసినచో స్టీరింగు బిగిసిపోవచ్చును. రెండవది, టై రాడ్డు గాని గేరుపెట్టె గాని పాడగుట. టై రాడ్డు విరిగినచో చేతి పట్టు టైరుకు అందదు. ఇది మిక్కిలి ప్రమాదకరము.

ఇట్టి లోపము ఒక బండిదా, ఆ రకపు బండ్లన్నిటిదా అని తేల్చుట ఒక యజమాని వలనగాని, ఒక మెకానిక్కు వలనగాని కాదు. అందులకే ప్రభుత్వ విచారణ అవసరము. అమెరికా దేశమున 1966లో వాహన భద్రతా చట్టము చేసి, 1970లో జాతీయ రహదారి భద్రతా సంస్థను నెలకొల్పిరి. షెవ్రొలే కోబాల్ట్ కార్లలో విద్యుత్ స్టీరింగు సాయము ఆగిపోవుచున్నదని 1,100కు పైగా ఫిర్యాదులు రాగా, ఆ సంస్థ 2010 జనవరిలో విచారణ ఆరంభించెను. మార్చి నెలలోనే జనరల్ మోటార్స్ కంపెనీ సుమారు 13 లక్షల కార్లను మరమ్మతుకై వెనుకకు పిలిచెను. కాని శాటర్న్ అయాన్ మున్నగు మరికొన్ని కార్లలోని ఇట్టి లోపమునకే 2014 మార్చి వరకు పిలుపు రాలేదు. విచారణ ఆలస్యమైనన్నాళ్లు ఆ బండ్లు రోడ్లపై తిరుగుచునే యుండెను.

మన దేశమున 2012లో వాహన తయారీదారుల సంఘము స్వచ్ఛంద నియమావళిని ఏర్పరచుకొనెను. తరువాత 2019 సవరణ చట్టము మోటారు వాహనముల చట్టమున 110ఎ సెక్షనును చేర్చెను. దాని నియమములు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. వీటి ప్రకారము ఏడేండ్లలోపు బండ్లలోని భద్రతా లోపముపై యజమానుల ఫిర్యాదులు నిర్ణీత సంఖ్యకు చేరినచో, లేక పరీక్షా సంస్థ లోపమును తెలిపినచో, కేంద్ర ప్రభుత్వము ఆ రకపు బండ్లను వెనుకకు పిలువుమని కంపెనీని ఆదేశింపవచ్చును. పాటింపని కంపెనీకి 10 లక్షల నుండి కోటి రూపాయల వరకు జరిమానా కలదు.

ప్రభుత్వము ఆజ్ఞాపింపకయే కంపెనీలు ప్రకటించిన పిలుపులును కలవు. 2021 జూలై 5 మొదలు 2023 ఫిబ్రవరి 15 వరకు తయారైన 87,599 ఎస్-ప్రెస్సో, ఈకో బండ్లను మారుతి సుజుకి కంపెనీ 2023 జూలైలో పిలిచెను. టై రాడ్డు భాగమున లోపముండవచ్చుననియు, అరుదుగా అది విరుగవచ్చుననియు తెలిపెను. 2024 ఆగస్టులో గేరుపెట్టె లోపమునకై 2,555 ఆల్టో కె10 కార్లను పిలిచి, భాగము మార్చువరకు నడుపవలదని యజమానులకు సలహా ఇచ్చెను. ఈకో పలువురు కూర్చుండి పోవు బండి యగుటచే ఈ విషయము మనకు ముఖ్యమైనది.

పిలుపు వచ్చినను అది మనకు అందునా? కంపెనీ రికార్డులలో ఎవరి పేరున్నదో వారికే కబురు పోవును. వాడిన బండి కొని పేరు మార్పింపనివారికి ఆ కబురు చేరదు. కొన్నవారు 30 దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెనని చట్టము చెప్పుచున్నది. తెలంగాణలో రిజిస్టరైన బండి 12 నెలలకు మించి మహారాష్ట్రమున నుండినచో ఇచటి రిజిస్ట్రేషను సంఖ్య తీసికొనవలెను. సరిహద్దున నుండు మనము ఈ రెండు నియమములను ఉపేక్షింపరాదు.

ఇంకొక మాట. స్టీరింగు బరువెక్కినను, ఒక ప్రక్కకు లాగినను, మెకానిక్కుచే బాగుచేయించి మరచిపోవుట మన అలవాటు. అట్లు చేసిన ఆ లోపము లెక్కలోనికి రాదు. విచారణ మొదలు కాదు. తేదీ, ఛాసీ సంఖ్య, తిరిగిన కిలోమీటర్లు, జరిగిన తీరు వ్రాసియుంచి, మార్చిన భాగమును, రసీదును దాచి, కంపెనీ మరమ్మతు శాలకును, కేంద్ర రవాణా శాఖ పోర్టల్‌లోను ఫిర్యాదు చేయవలెను. భాష రాదని వెనుదీయ నక్కరలేదు. కష్టనివారణకై కేంద్ర, రాష్ట్ర అధికారులకు కేంద్రమునగాని, ఆ రాష్ట్రమునగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను విన్నవించు హక్కును రాజ్యాంగము 350వ అధికరణము ప్రసాదించినది. మరాఠీ, ఇంగ్లీషు చదువు మన పిల్లలు పోర్టల్ నింపుటకు తోడ్పడగలరు.

సొంత బండి గలవారు రిజిస్ట్రేషను పుస్తకములోని ఛాసీ సంఖ్యను కంపెనీ వెబ్‌సైటులోగాని, మరమ్మతు శాలలోగాని సరిచూపించుకొనవలెను. పిలుపులోని భాగమును ఉచితముగా మార్చెదరు. పిల్లలను అద్దె బండిలో పంపువారు ఆ బండి యజమానిని ఈ మాట అడుగవలెనని కోరుచున్నాము. అడుగుట తప్పు కాదు. బండిలో ఉన్నది మన పిల్లలు.