చన్నీళ్లను అడుగుకు దింపే గొట్టం

అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల ఇళ్లలో, గరాజ్‌లోనో బేస్‌మెంట్‌లోనో నిలువెత్తు డ్రమ్ములా నిలబెట్టిన నీళ్ల హీటర్ కనిపిస్తుంది. అందులో నలభై, యాభై గ్యాలన్లు పడతాయి. మన లెక్కలో 150 నుంచి 190 లీటర్లు. పైన రెండు గొట్టాలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లోంచి చన్నీళ్లు లోపలికి పోతే, రెండోదాంట్లోంచి వేణ్ణీళ్లు బయటికి వస్తాయి. రెండు దారులూ ట్యాంకు పైభాగానే ఉన్నప్పుడు, కొత్తగా దిగిన చన్నీళ్లు పక్కనే ఉన్న వేణ్ణీళ్లలో కలిసి అన్నిటినీ గోరువెచ్చగా మార్చేయాలి కదా? అలా జరగకుండా కాపాడేది చన్నీటి దారి కింద వేలాడే ఒక ప్లాస్టిక్ గొట్టం. దాని పేరు డిప్ ట్యూబ్. చన్నీళ్లను పైన ఎక్కడా కలవనివ్వకుండా అడుగుదాకా తీసుకెళ్లి వదలడమే దాని పని.

పది డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు దాదాపు 999.7 గ్రాములు తూగుతాయి. అవే నీళ్లు అరవై డిగ్రీలకు వేడెక్కితే లీటరుకు 983 గ్రాములే. పదహారు గ్రాముల పైచిలుకు తేడా చేతికి తెలియదు గానీ, ట్యాంకులో నీళ్లు పొరలుగా విడిపోవడానికి అది చాలు. బరువైన చన్నీళ్లు అడుగున పరుచుకుని, తేలికైన వేణ్ణీళ్లను మెల్లగా పైకి నెడతాయి. మధ్యలో సన్నటి పొర ఒకటి రెంటినీ వేరుచేస్తుంది. ఆ పొర చెదరనంత సేపూ కుళాయిలో సెగలు కక్కే నీళ్లే వస్తాయి.

ఈ కిటుకు మనకు కొత్తదేమీ కాదు. స్నానాల గదిలో నిప్పులు రాజేసి వాడే రాగి బాయిలర్లలో ఒక రకం ఉంది. గరాటు మూతిలో చెంబెడు చన్నీళ్లు పోస్తే, ఇంకోవైపు మూతిలోంచి చెంబెడు వేణ్ణీళ్లు పొంగి వస్తాయి. పోసిన నీళ్లు అడుగుకు చేరేలా గరాటు గొట్టాన్ని లోపలికి దింపి ఉంటారు. ఆ పాత్రను మలిచిన కంచరివాళ్లు నీటి సాంద్రత పట్టికలు చూసి చేశారని నేననుకోను. నీళ్ల నడతను కళ్లతో చూసి నేర్చుకున్నారు.

ఆధునిక హీటర్ కథ లండన్‌లో మొదలైంది. 1868లో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన గ్యాస్ మంటతో నీళ్లు కాచే యంత్రానికి పేటెంట్ తీసుకుని, దానికి గీజర్ అని పేరు పెట్టాడు. మన ఇళ్లలో నేటికీ అదే పేరు. అయితే ఆయన యంత్రంలో నీళ్లు నిలవ ఉండేవి కావు, పారుతుండగానే వేడెక్కేవి. నీళ్లను ట్యాంకులో నిలవచేసి, తనంతట తానే వెలిగి ఆరే హీటర్‌ను 1889లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో నార్వే నుంచి వలస వెళ్లిన ఇంజనీరు ఎడ్విన్ రూడ్ తయారుచేశాడు. నీళ్లు నిలవ ఉండే యంత్రాల్లోనే చన్నీటిని ఎక్కడ వదలాలన్న ప్రశ్న వస్తుంది.

తొలినాళ్లలో ఈ గొట్టాలు లోహంవే. తర్వాత ఉక్కు ట్యాంకుల లోపల గాజుపూత వేసి, తుప్పును తనమీదికి తీసుకునే యానోడ్ కడ్డీని వేలాడదీయడం అలవాటైంది. అలాంటి ట్యాంకులో రాగి గొట్టం పెడితే పేచీయే. రాగి, ఉక్కు, నీళ్లు ఒకచోట చేరితే విద్యుత్ రసాయన చర్య నడుస్తుంది, యానోడ్ కడ్డీ త్వరగా కరిగిపోతుంది. ప్లాస్టిక్‌తో ఆ బెడద లేదు. 1954లో ఇటలీలో జూలియో నట్టా క్రమబద్ధమైన నిర్మాణమున్న పాలీప్రొపిలీన్‌ను తయారుచేశాడు. 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆ ప్లాస్టిక్ చవక, తేలిక, వేడికి ఓర్చుకుంటుంది కూడా. హీటర్ల కంపెనీలు డిప్ ట్యూబులకు దాన్నే ఎంచుకున్నాయి.

ఆ ఓర్పుకు ఒక హద్దు ఉంది. పాలీప్రొపిలీన్ గొలుసులో కొన్ని కర్బన పరమాణువుల దగ్గర ఆక్సిజన్ సులువుగా దాడి చేస్తుంది. వేడి ఆ దాడిని తొందరపెడుతుంది, కుళాయి నీళ్లలోని క్లోరిన్ దానికి తోడవుతుంది. అందుకే ఈ ప్లాస్టిక్‌లో ఆక్సీకరణను అడ్డుకునే రసాయనాలు కలుపుతారు. అవి ఖర్చయిపోతే గొలుసులు తెగి, ప్లాస్టిక్ పెళుసెక్కి పొడి అవుతుంది.

అమెరికాలో సరిగ్గా ఇలాంటిదే లక్షల ఇళ్లలో జరిగింది. ఒహాయో రాష్ట్రంలోని పెర్ఫెక్షన్ కార్పొరేషన్ అప్పట్లో దేశంలోని పెద్ద హీటర్ కంపెనీలన్నిటికీ డిప్ ట్యూబులు సరఫరా చేసేది. 1993 ఆగస్టు నుంచి 1996 అక్టోబరు దాకా అది వాడిన పాలీప్రొపిలీన్ వేడినీటిలో నిలవలేకపోయింది. లోపలే విరిగి, తునకలై, పొడి అయింది. స్నానం సగంలో ఉండగానే నీళ్లు చల్లబడేవి. కుళాయి మూతి జల్లెడల్లో, షవర్లలో తెల్లటి పలుకులు ఇరుక్కునేవి. వ్యవహారం కోర్టుకెక్కి, చివరికి గొట్టాలు మార్చేందుకు పరిహారం ఇచ్చే ఒప్పందంతో ముగిసింది. ఒకే వస్తువు కోసం దేశమంతా ఒకే సరఫరాదారు మీద ఆధారపడితే, ఒక చిన్న మార్పు ఎన్ని ఇళ్లకు పాకుతుందో ఈ ఉదంతం చూపించింది.

ఆ తెల్లటి పలుకులు దొరికితే, అవి గొట్టం ముక్కలో, నీటిలోని సున్నమో తేల్చుకోవడం సులువు. గాజు గ్లాసులో నీళ్లు పోసి వాటిని వేయండి. పాలీప్రొపిలీన్ నీటికన్నా తేలిక కాబట్టి తేలుతుంది, సున్నం మునుగుతుంది. తర్వాత వెనిగర్‌లో వేసి చూడండి. సున్నమైతే బుడగలు వదులుతూ కరిగిపోతుంది, ప్లాస్టిక్ చెక్కుచెదరదు. హైదరాబాద్ బోరు నీళ్లతో గీజర్ వాడేవాళ్లకు ఆ సున్నం పలుకులు పరిచయమే.

నీళ్లు చాలకపోవడానికి కారణం ప్రతిసారీ ఈ గొట్టమే కానక్కర్లేదు. రెండు ఎలిమెంట్లున్న ఎలక్ట్రిక్ హీటర్‌లో కింది ఎలిమెంటు కాలిపోతే, కాసేపు బాగా వేడినీళ్లు వచ్చి ఒక్కసారిగా చల్లబడతాయి. గొట్టం విరిగితే మొదటినుంచే వేడి తగ్గుతూ గోరువెచ్చగా వస్తాయి. ప్లంబర్ చన్నీటి, వేణ్ణీటి కనెక్షన్లు తారుమారు చేసినా ఇదే లక్షణం. అప్పుడు కుళాయికి వచ్చేవి అడుగునున్న నీళ్లు. కొత్త ఇంట్లో చేరగానే ఈ ఇబ్బంది ఎదురైతే ముందు ఆ కనెక్షన్లే చూడాలి.

గొట్టం మార్చాలని తేలాక ఎంచుకోవాల్సినవాటిలో మొదటిది పదార్థం. నా ఓటు పెక్స్‌కే. పాలిథిలీన్ గొలుసులను ఒకదానితో ఒకటి రసాయన బంధాలతో ముడివేసిన ప్లాస్టిక్ ఇది. 1960ల చివర్లో జర్మనీలో థామస్ ఎంగెల్ రూపొందించిన పద్ధతితో వాడుకలోకి వచ్చింది. ముడులున్నందువల్ల వేడికి మెత్తబడి కారిపోదు. వంగుతుంది కూడా. హీటర్ నెత్తికి, ఇంటి కప్పుకు మధ్య జానెడు ఖాళీయే ఉన్నచోట నాలుగడుగుల గొట్టాన్ని లోపలికి దించాలంటే ఆ వంపే దిక్కు.

రెండోది పొడవు. గొట్టం కింది కొన ట్యాంకు అడుగుకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తులో ఆగాలి. ఇంకా కిందికి పోతే పేరుకున్న మడ్డిని లేపుతుంది, మరీ పైన ఆగితే దాని కింది నీళ్లలో చాలాభాగం వాడకానికి రాదు. హీటర్ మీది స్టిక్కర్లో మోడల్ నంబరు ఉంటుంది, దాని ప్రకారం అడగడం మేలు. అందరికీ పనికొచ్చే పొడవాటి గొట్టం తెచ్చుకుంటే కొలిచి, కింది కొనను రంపంతో కోసుకోవాలి. పై కొనను ముట్టుకోకూడదు.

ఎందుకంటే పై కొనకు దగ్గరగా, ఆరంగుళాల లోపు ఒక రంధ్రం ఉంటుంది. వ్యాసం అంగుళంలో ఎనిమిదో వంతు. చూడటానికి తయారీ లోపంలా ఉంటుంది గానీ ఈ గొట్టంలో అతి తెలివైన భాగం అదే. వీధిలో నీళ్ల పైపు పగిలినా, మరమ్మతుకు నీళ్లు కట్టేసినా చన్నీటి గొట్టంలో పీడనం పడిపోతుంది. గొట్టం అడుగుదాకా దిగి ఉంది కాబట్టి సైఫన్ మొదలై ట్యాంకు నీళ్లన్నీ వెనక్కి పారే ప్రమాదం ఉంది. నీళ్లు లేని ట్యాంకులో ఎలిమెంటు వెలిగితే క్షణాల్లో కాలిపోతుంది. నీటిమట్టం ఈ రంధ్రం దాకా తగ్గగానే గాలి చొరబడి సైఫన్ తెగిపోతుంది. రంధ్రం లేని గొట్టాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి.

మూడోది బిగింపు. కొన్ని గొట్టాలకు పైన అంచు విప్పారి ఉంటుంది, అది రబ్బరు వాషర్‌తో ట్యాంకు చన్నీటి దారిమీద కూర్చుంటుంది. కొన్ని ఇనుప నిపుల్‌తో, అంటే మరలున్న పొట్టి గొట్టంతో, కలిసే వస్తాయి. పాతది ఏ రకమో చూసి అదే తెచ్చుకోవాలి. కింది కొన వంగి ఉండే రకమైతే, నీళ్లు ట్యాంకు గోడ వెంట సుడి తిరిగేలా ఆ వంపును తిప్పి పెట్టాలి. లోపలికి దిగాక అది కనిపించదు, అందువల్ల ముందే పై అంచుమీద మార్కర్‌తో వంపు దిక్కున ఒక గీత గీసుకోండి.

మన గోడ గీజర్లకు ఈ షాపింగ్ వర్తించదు. వాటిలో రెండు కనెక్షన్లూ కిందే ఉంటాయి. చన్నీళ్లు అడుగునే ప్రవేశిస్తాయి, లోపల పైదాకా సాగే పొడవాటి గొట్టం వేణ్ణీటిది. నియమం అదే, గొట్టమే తలకిందులైంది.

ఈ గొట్టం ధర పది, పదిహేను డాలర్లు. కొత్త హీటర్ బిగింపుతో కలిపి అంతకు ఎన్నో రెట్లు అవుతుంది. ట్యాంకు కారకుండా, నీళ్లు మాత్రమే చల్లబడుతుంటే, హీటర్ మార్చమని ఎవరు చెప్పినా ముందు చన్నీటి నిపుల్ విప్పించి గొట్టం చూడమని అడగండి. కరెంటు, గ్యాసు కట్టేశాకే నిపుల్ మీద చేయి వేయాలి. గొట్టం మార్చాక వేణ్ణీళ్ల కుళాయి తెరిచి ఉంచి, గాలి శబ్దం ఆగి నీళ్లు నిండుధారగా వచ్చేదాకా కరెంటు స్విచ్ వేయకండి.