మార్కు మిగిలింది, మరి పని ఎక్కడ?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం బడుల్లో పిల్లలకు ప్రాజెక్టు పని ఇవ్వాలంటే విషయాలకు కొదవ లేదు. టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి ఏటా వచ్చే పెలికాన్‌లు, పెయింటెడ్ స్టార్క్‌లు ఉన్నాయి. కిడ్నీ జబ్బుల భయంతో ఊరంతా అనుమానంగా చూసే బోరు నీళ్లున్నాయి. తుపాన్లకు నేలకొరిగిన కొబ్బరి తోటలున్నాయి. ఫార్మేటివ్ పరీక్షల పద్ధతిలో పిల్లల ప్రతిస్పందనలు, రాత అంశాలు, లఘు పరీక్షతో పాటు ప్రాజెక్టు పనికీ మార్కులుంటాయి. చార్టు గీస్తారు, పది మందిని అడిగి లెక్కలు రాస్తారు, తెచ్చి మాస్టారికి ఇస్తారు. మార్కు రిజిస్టరుకెక్కుతుంది. చార్టు బీరువా మీది కట్టలో చేరుతుంది, ఏడాది తిరిగేసరికి ఆ కట్ట కూడా ఉండదు. ఎచ్చెర్లలోని ట్రిపుల్ ఐటీలో సీటుకు పిల్లవాడి వెంట వెళ్లేవి పదో తరగతి మార్కులే.

అలాంటి పనిని దాచిపెట్టి, పిల్లవాడి వెంటే నడిచేలా చేసే సాఫ్ట్‌వేర్‌ను ఈ-పోర్ట్‌ఫోలియో అంటారు. అందులో పేరున్నది మహారా. దాని కథ చెప్పాలంటే ముందు దాని అన్నలాంటి, ఆన్‌లైన్‌లో కోర్సులు నడిపే మూడిల్ గురించి చెప్పాలి.

మూడిల్‌ను తయారుచేసిన మార్టిన్ డూగియామస్ ఆస్ట్రేలియా లోపలి ఎడారి ప్రాంతంలో పెరిగాడు. అందుబాటులో బడి లేదు. షార్ట్‌వేవ్ రేడియోలో వినిపించే టీచరు గొంతే తరగతి గది. పెద్దయ్యాక పెర్త్‌లోని కర్టిన్ విశ్వవిద్యాలయంలో అలాగే కోర్సులు నడిపే వెబ్‌సిటి అనే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే ఉద్యోగంలో చేరాడు. లోపల ఏం జరుగుతోందో తెరిచి చూసే వీల్లేదు, టీచర్లు అడిగిన మార్పు చేసే అధికారమూ లేదు. ఆ విసుగులోంచే 1999లో సొంత నమూనా మొదలుపెట్టాడు. 2002 ఆగస్టు 20న మూడిల్ 1.0 వెలువడింది. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని పంచితే మాత్రం అదే స్వేచ్ఛతో పంచాలి. జీపీఎల్ లైసెన్సు పెట్టే ముఖ్యమైన షరతు అదే. ఇలా అందరికీ తెరిచిపెట్టిన సాఫ్ట్‌వేర్‌నే ఓపెన్ సోర్స్ అంటారు.

లోపలి అమరిక తేలిగ్గానే అర్థమవుతుంది. ఒక కంప్యూటరు సర్వరుగా కూర్చుంటుంది. పీహెచ్‌పీలో రాసిన ప్రోగ్రాం పేజీలు తయారుచేస్తుంటే, వెనక డేటాబేసు జవాబులూ మార్కులూ గుర్తుపెట్టుకుంటుంది. పిల్లలకు ఏ బ్రౌజరున్నా చాలు. క్విజ్, చర్చ, పదకోశం, అసైన్‌మెంట్ అన్నీ విడివిడి భాగాలు, కావలసినవే తగిలించుకోవచ్చు. నలుగురూ చూసేలా ఏదైనా తయారుచేస్తున్నప్పుడే మనిషి బాగా నేర్చుకుంటాడని డూగియామస్ నమ్మకం. చర్చలకూ, పిల్లలు తమ చేత్తో నింపే పదకోశాలకూ మూడిల్ అంత చోటిచ్చింది అందుకే.

ఇంతలో గండం వచ్చిపడింది. వెబ్‌సిటిని తనలో కలిపేసుకున్న బ్లాక్‌బోర్డ్ అనే అమెరికా కంపెనీకి 2006 జనవరిలో ఒక పేటెంటు దక్కింది. ఒకే లాగిన్‌తో ఒక మనిషి ఒక కోర్సులో టీచరుగా, మరో కోర్సులో విద్యార్థిగా ఉండగలగడం వంటి ఏర్పాటు కూడా అందులో ఉంది. ఆ ఏడాది జూలైలో కెనడాకు చెందిన డిజైర్‌టులెర్న్ అనే కంపెనీ మీద దావా వేసింది. తర్వాతి వంతు ఎవరిదోనని ఓపెన్ సోర్స్ వాళ్లు గొల్లుమన్నారు. 2007 ఫిబ్రవరిలో, ఓపెన్ సోర్స్ జోలికి రానని బ్లాక్‌బోర్డ్ మాటిచ్చింది. 2009 జూలైలో అమెరికా అప్పీలు కోర్టు, ఆ దావాలో వాదనకు వచ్చిన క్లెయిములేవీ చెల్లవని తేల్చింది. మూడిల్‌కు కోర్టు గడప తొక్కే అవసరం రాలేదు.

అదే 2006లో న్యూజిలాండ్ ప్రభుత్వ నిధితో మహారా పుట్టింది. మాసీ, ఆక్లాండ్ సాంకేతిక, విక్టోరియా విశ్వవిద్యాలయాలూ, ఓపెన్ పాలిటెక్నిక్కూ కలిసి తలపెట్టిన పని అది. రాసింది వెల్లింగ్టన్‌లోని కాటలిస్ట్ ఐటీ. ఇదీ జీపీఎలే, ఇదీ పీహెచ్‌పీయే. మూడిల్‌తో జత కలుస్తుంది కూడా. కానీ యజమాని మారతాడు. మూడిల్‌లో కోర్సు టీచరుది, పిల్లలు అందులో చేరతారు. మహారాలో పేజీ విద్యార్థిది. ఎవరు చూడాలో, ఎన్నాళ్లు చూడాలో వాళ్లే ఎంచుకుంటారు.

ఇది పలాసలో ఎలా ఉంటుందో ఊహిద్దాం. తల్లి జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే తొమ్మిదో తరగతి అమ్మాయి పప్పు గ్రేడుల మీద ప్రాజెక్టు చేస్తోంది. డబ్ల్యూ 320 అంటే పౌండుకు, అంటే 454 గ్రాములకు, 300 నుంచి 320 దాకా తూగే విరగని పప్పు. డబ్ల్యూ 240 అయితే 220 నుంచి 240 దాకా. మొదటి పేజీలో అమ్మాయి "నంబరు పెరిగితే పప్పు పెద్దది" అని రాసింది. మాస్టారు కింద ఒక్క ప్రశ్న పెట్టారు: "ఒక్కో పప్పు బరువెంత?" అమ్మాయి భాగహారం చేసింది. 454ను 320తో భాగిస్తే సుమారు 1.42 గ్రాములు, 240తో భాగిస్తే 1.89. నంబరు పెరిగేకొద్దీ పప్పు చిన్నదవుతోంది. రెండో పేజీలో సరిదిద్దిన లెక్క, తూకం ఫొటో, "అమ్మకు ఇది ముందే తెలుసు" అన్న వాక్యం. మొదటి పేజీ చెరిగిపోదు. పదికి ఎనిమిది అన్న అంకె చెప్పలేనిది ఆ రెండు పేజీల మధ్య ఉంది. ఆ అమ్మాయి ఇంటర్‌కు టెక్కలి వెళ్తే మొత్తం పోర్ట్‌ఫోలియోను ఒక ఫైలుగా దించుకోవచ్చు. మామూలు వెబ్ పేజీలుగా దించుకుంటే ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటాయి. లీప్‌టూఏ అనే ఉమ్మడి పద్ధతిలో దించుకుంటే మరో బడి మహారాలోకి ఎక్కించుకోవచ్చు.

ఓపెన్ సోర్స్ మన బడులకు కొత్తేమీ కాదు. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ మీద ఫోను పెడితే తెరుచుకునే దీక్ష వేదిక 2017 సెప్టెంబరు 5న మొదలైంది. దానికి పునాది ఏక్‌స్టెప్ ఫౌండేషన్ తయారుచేసిన సన్‌బర్డ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరే. క్యూఆర్ కోడ్‌ను 1994లో తెచ్చిన జపాన్ కంపెనీ డెన్సో కూడా, పేటెంటు చేతిలో ఉన్నా, అందరినీ వాడుకోనిచ్చింది. అయితే దీక్ష ప్రధానంగా పాఠాన్ని పిల్లల దగ్గరికి తెచ్చే దారి. పిల్లల పనిని దాచే దారి ఇంకా వేయాల్సే ఉంది.

వేసేటప్పుడు తిత్లీని మరవకూడదు. 2018 అక్టోబరు 11న ఆ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. ఎక్కడో దూరాన ఉన్న సర్వరు అలాంటి రోజుల్లో ఉన్నా లేనట్టే. దీనికీ మందుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన నికొలా మార్టిన్యోని రూపొందించిన మూడిల్‌బాక్స్, అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు మీద మూడిల్‌ను నడిపి తన చుట్టూ తానే వైఫై ఇస్తుంది. ఇంటర్నెట్ అక్కర్లేదు. తీసుకునేది 5 వోల్టుల కరెంటే కాబట్టి పవర్ బ్యాంకు మీదా కొంతసేపు లాగుతుంది.

ఉచితం అన్నంత మాత్రాన ఖర్చు లేదనుకోవద్దు. మెమరీ కార్డు ఒకరోజు చెడుతుంది, అందుకే రెండో ప్రతి వేరే భవనంలో ఉండాలి. భద్రతా మార్పులు ఎప్పటికప్పుడు ఎక్కించాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి అడుగుతుంది. కంప్యూటరు తెలిసిన మాస్టారు ఒక్కరే అయి, ఆయనకు బదిలీ అయితే అక్కడితో సరి. కేరళ ఈ చిక్కును పిల్లలతోనే విప్పుకుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద నడిచే అక్కడి బడుల్లో 2018 నుంచి లిటిల్ కైట్స్ క్లబ్బుల పిల్లలే పరికరాల ఆలనాపాలనా నేర్చుకుంటున్నారు. మనకు టెక్కలిలో ఇంజినీరింగ్ కళాశాల ఉంది, ఎచ్చెర్లలో ట్రిపుల్ ఐటీ ఉంది. అక్కడి విద్యార్థులు తలా ఒక హైస్కూలు సర్వరును చూసుకుంటే అది వాళ్లకూ మంచి ప్రాజెక్టే.

బడికి రేపు ఏ ట్యాబు వచ్చినా, ఏ యాప్ వచ్చినా, అందులో ఎన్ని పాఠాలున్నాయన్నది రెండో ప్రశ్న. కంపెనీ మారినా, పథకం ఆగినా, పిల్లలు తాము చేసిన పనిని తమ వెంట తీసుకుపోగలరా అన్నది మొదటిది. తల్లిదండ్రుల కమిటీ సమావేశంలో ఎవరో ఒకరు లేచి అడగాలి. అవునన్న జవాబు కాగితం మీద రాసిచ్చాకే సంతకం పెట్టాలి.