తెలుగు పరిశోధకునికి డిజిటల్ అక్షరాస్యత

డిజిటల్ అక్షరాస్యత యనగా కంప్యూటరును నడుప నేర్చుటయని పలువురు తలంతురు. ఆ నేర్పు మా విద్యార్థులకు మాకంటె నెక్కువగనే కలదు. సాహిత్య విద్యార్థికి కావలసినది వేఱు. తెరపై గనబడు అక్షరము యంత్రమునందు ఏ రూపమున నిలిచియున్నదో అతడు ఎఱుగవలయును.

చూపున కొకే తీరుగా నుండు తెలుగు పుట లోపల మూడు విధములుగా నుండవచ్చును. ఒకటి ముద్రిత పుటకు ఛాయాచిత్రము. యంత్రపఠనము జరిగినగాని అందు అక్షరము లేదు, అక్షరపు బొమ్మయే కలదు. మఱియొకటి పాత డి.టి.పి. ఫాంటులతో కూర్చినది, అందు తెలుగు లిపిఖండములు రోమను అక్షరముల సంకేతస్థానములలో దాగియుండును. ఫాంటు లేని యంత్రమున ఆ పుట అర్థరహితమైన గుర్తుల పోగగును. మూడవది యూనికోడు పాఠము. 1991లో వెలువడిన మొదటి కూర్పునందే తెలుగు లిపి చేరినది. దానికి 128 స్థానముల ఖండము కలదు. పదాన్వేషణమునకు నేరుగా లొంగునది యిదియే. పరిశోధన గ్రంథముల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పింపవలెనని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009లో నిబంధన చేసినది. అవి ‘శోధ్‌గంగ’ భాండాగారమున చేరుచున్నవి. పాత ఫాంటులతో కూర్చిన గ్రంథము అచ్చట నున్నను, తెలుగు పదముతో వెదకువానికి లేనట్లే.

యూనికోడు పాఠము లభించినంత మాత్రమున చిక్కు తీరదు. నిరుడు మా విద్యార్థి యొకడు ఒక ప్రాచీన కావ్యమునందలి ‘చను’ ధాతువు ప్రయోగములను యంత్రముచే లెక్కించి తెచ్చెను. సంఖ్య మిక్కిలి తక్కువగా తోచినది. విచారింపగా అతడు ‘చనియె’ అని మాత్రమే వెదకినట్లు తేలెను. గసడదవాదేశము వచ్చి ‘వాఁడు సనియె’ అయిన చోటులన్నియు జాఱిపోయినవి. అరసున్నకు యూనికోడున వేఱు స్థానము కలదు గనుక ‘వాడు’ అని వెదకిన ‘వాఁడు’ సాధారణముగా దొరకదు. ‘ఎక్కడ’ యను పదము ‘వాఁడెక్కడ’ యందు చిక్కదు. ఏలయన, అచ్చునకు ఒక సంకేతము, గుణితపు గుర్తునకు వేఱొక సంకేతము. యడాగమముతో ‘మా యిల్లు’ అయినప్పుడు ‘ఇల్లు’ గతియు నింతే. సంధి తెలియనివానికి యంత్రము ‘లేదు’ అని చెప్పును. అతడు దానిని కవిపై నారోపించును. కావ్యమంతయు చదివి చీటీలు వ్రాసికొన్న పాతకాలపు పండితునకు ఈ పొరపాటు రాదు. (చీటీలు చెదలు తినిన కథలు వేఱు!)

తెలుగునాటికి దూరమున నున్న మావంటి శాఖలకు ఈ బెడద యధికము. గ్రంథాలయమున తెలుగు పుస్తకములు స్వల్పము. విద్యార్థికి తెరయే ఆధారము. అందుచేత బాలవ్యాకరణ సంధి పరిచ్ఛేదమును కంప్యూటరు ఎదుటనే బోధించుచున్నాము. ప్రయోగము లేదని వ్రాయువారు ఏ ముద్రణమును, ఏ యే రూపములతో వెదకిరో తెలుపవలెనని యీ యేడు నియమము పెట్టితిమి. కొందఱు విసుగుకొనుచున్నారు.