తీగ ఎక్కడ తెగిందో పిల్లలే కనిపెట్టాలి

షోరూములో కొన్న కారుకు లైటు వెలగకపోతే మెకానిక్ దగ్గరకు తీసుకెళ్తాం. ఇంట్లో సొంతంగా తయారుచేసుకున్న కారుకు ఆ వెసులుబాటు లేదు. ఏ తీగ ఎటు నుంచి ఎటు పోతోందో చెప్పే పుస్తకం ఎక్కడా దొరకదు. కట్టినవారే వెతుక్కోవాలి. సైన్సు పాఠం నిజంగా అర్థమైందో లేదో తేలేది ఇక్కడే. అందుకే కోరాపుట్, రాయగడ జిల్లాల తెలుగు బడుల తల్లిదండ్రులతో, ఉపాధ్యాయులతో ఈ వారం ఈ విషయం మాట్లాడదలిచాం.

ఇలాంటి బండ్లు మనకు కొత్త కాదు. మన రాష్ట్రంలోనే మయూర్‌భంజ్ జిల్లా రైతు ఒకరు లాక్‌డౌన్ రోజుల్లో ఇంటి దగ్గరే సౌరశక్తితో నడిచే నాలుగు చక్రాల బండి తయారుచేశారని 2021లో పత్రికల్లో వచ్చింది. హైదరాబాద్‌లో కన్యబోయిన సుధాకర్ చేతితో చేసిన విచిత్రమైన కార్లు 2010 నుంచి సుధా కార్స్ మ్యూజియంలో ఉన్నాయి. ఆయన చేసిన భారీ మూడు చక్రాల సైకిల్ 2005లో గిన్నిస్ రికార్డుకెక్కింది.

మయూర్‌భంజ్ బండికి 54 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీ, 850 వాట్ల మోటారు ఉన్నాయని ఆ వార్తల్లో రాశారు. పదో తరగతి పిల్లలకు ఇది మంచి లెక్క. 54ను 100తో గుణిస్తే 5,400 వాట్-అవర్లు. దాన్ని 850తో భాగిస్తే ఆరు గంటల పైచిలుకు. మోటారు పూర్తి శక్తితో నడిస్తే కాగితం మీద బ్యాటరీ అంతసేపు వస్తుంది. లెక్క ప్రకారం రావాల్సినంత సేపు రాకపోతే శక్తి ఎక్కడో వృథా అవుతోందన్నమాట. ఎక్కడ అన్న ప్రశ్నతోనే వెతుకులాట మొదలవుతుంది.

లోపాలు మూడు రకాలు

కారు కరెంటులో వచ్చే తంటాలన్నీ దాదాపు మూడు గంపల్లో సర్దేయవచ్చు. మొదటిది తెగిన దారి. తీగ తెగడం, స్విచ్ పాడవడం, ఫ్యూజు పోవడం వంటివి. బల్బు అసలు వెలగదు. రెండోది అడ్డదారి, అంటే షార్ట్. తొడుగు ఊడిన తీగ ఇనుప చట్రానికి తగిలితే ఫ్యూజు ఠక్కున పోతుంది. మూడోది ఇరుకు దారి. తుప్పు, చిలుము, వదులైన బిగింపు వల్ల కరెంటు పోతుంది కానీ చాలినంత పోదు. బల్బు మసకగా వెలుగుతుంది, హారన్ మూలుగుతుంది. తడి ఎక్కువగా ఉండే మన కొండ ప్రాంతంలో ఎక్కువగా జాగ్రత్త పడాల్సింది ఈ మూడోదాని విషయంలోనే.

ఒక ఉదాహరణ చూడండి. బ్యాటరీ దగ్గర 12 వోల్టులు, 55 వాట్ల హెడ్‌లైటు దగ్గర 10 వోల్టులే ఉన్నాయనుకుందాం. దారిలో 2 వోల్టులు పోయాయి. దీనికి తుప్పు పట్టిన అతుకులో సుమారు అర ఓమ్ నిరోధం చాలు. బల్బుకు అందే శక్తి ఏడు పాళ్లకు పడిపోతుంది, మూడు పాళ్లు నష్టం. ఓమ్ నియమాన్ని బట్టీ పట్టిన పిల్లవాడు ఈ అర ఓమ్‌ను మీటరుతో తానే పట్టుకుంటే ఆ సూత్రాన్ని ఇక మరచిపోడు.

ఎర్త్ మీద మొదటి అనుమానం

కార్లలో బ్యాటరీ నెగటివ్‌ను ఇనుప చట్రానికి కలుపుతారు. కరెంటు తిరిగి వచ్చే దారి ఆ చట్రమే. దీన్నే మెకానిక్కులు ఎర్త్ అంటారు. సొంతంగా కట్టిన బండికి ముందు రంగు వేసి, ఆ రంగు మీదే ఎర్త్ తీగ బిగిస్తే, కరెంటుకు రంగు అడ్డుగోడ అవుతుంది. ఉప్పుకాగితంతో ఆ చోట రంగు గీకి, ఇనుము మెరిశాక బిగించాలి. బండి పైభాగం చెక్కదో ఫైబర్‌దో అయితే అది కరెంటును మోయదు కాబట్టి తిరుగు దారికి వేరే తీగ వేయాలి. ఇండికేటర్ వేస్తే హెడ్‌లైటు కూడా మిణుకుమిణుకుమంటుంటే ముందు ఎర్త్‌నే చూడాలి. సరైన దారి దొరకని కరెంటు పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటోందని దాని అర్థం.

మధ్యలోంచి వెతకాలి

పిల్లలు సాధారణంగా కనిపించిన తీగనల్లా లాగి చూస్తారు. దాంతో ఒక లోపం మూడవుతుంది. ఒక వరుస నేర్పాలి. ముందు బ్యాటరీ చూడాలి. నిండిన 12 వోల్టుల బ్యాటరీ కదలకుండా ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 దగ్గరకు దిగితే ముందు ఛార్జి చేయాలి. తరువాత ఫ్యూజు. ఆ తరువాత దారి మధ్యలో, అంటే స్విచ్ దగ్గర కరెంటు ఉందో లేదో చూడాలి. ఉంటే లోపం ముందువైపు, లేకపోతే వెనుకవైపు. ఒక్క పరీక్షతో సగం దారి వెతికే పని తప్పింది. మీటరు లేకపోయినా రెండు తీగలు తగిలించిన 12 వోల్టుల బల్బు చాలు.

చూసినదంతా నోటుబుక్కులో రాయించండి. బండి కట్టేటప్పుడే ఏ రంగు తీగ ఎక్కడికి పోతోందో బొమ్మ గీయిస్తే రేపటి లోపం సగం దొరికినట్టే.

వలయం, పరిపథం

మా అసలు ఆలోచన భాష గురించి. మాతృభాషలో చదువు గురించి 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం మాట్లాడేది ప్రాథమిక దశ గురించే. పదో తరగతి తరువాత ఐటీఐకో పాలిటెక్నిక్‌కో వెళ్లిన మన పిల్లలకు ఒడియా, ఇంగ్లిష్ మాటలు ఎదురవుతాయి. తెలుగులో వలయం, ఒడియాలో పరిపథ, వర్క్‌షాపులో సర్క్యూట్. తెలుగులో నిరోధం, ఒడియాలో ప్రతిరోధ. మన విద్యుత్ ప్రవాహం అక్కడ విద్యుత్ స్రోత. విషయం తెలిసిన పిల్లవాడికి ఇవి ఒకే వస్తువుకు మూడు పేర్లు. తెలియని వాడికి మూడు కొత్త పాఠాలు. ముందు తెలుగులో అర్థం కావాలి, ఆ పక్కనే మిగతా రెండు పేర్లూ గోడ మీద రాసి ఉండాలి. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి పుడుతున్న కరెంటును ఒడిశా, ఆంధ్ర పంచుకుంటున్నాయి. దాన్ని గురించిన మాటలను మన పిల్లలు రెండు భాషల్లోనూ అందుకోవడం కష్టమేమీ కాదు.

ఇక్కడ తల్లిదండ్రుల పాత్ర పెద్దది. సునాబెడలోని విమాన ఇంజన్ల కర్మాగారంలోనో, జేకేపూర్ కాగితం మిల్లులోనో, ఊళ్లో ఆటో ఎలక్ట్రీషియన్ కొట్లోనో పనిచేసే నాన్నగారు ఉంటే నెలకు ఒక పూట బడికి పిలవండి. ఆయన మాటలను ఉపాధ్యాయులు పాఠ్యపుస్తకం మాటలతో జోడిస్తే చాలు.

జాగ్రత్తలు

బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్ తీయాలి. అలాగైతే పాజిటివ్ విప్పే పానా చట్రానికి తగిలినా మంటలు రావు. ఉంగరాలు, లోహపు గాజులు తీసేయాలి. ఛార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, దగ్గర నిప్పురవ్వ పడకూడదు. పోయిన ఫ్యూజు స్థానంలో రాగి తీగో సిగరెట్ పెట్టె రేకో పెట్టడం ప్రమాదం. ఫ్యూజు ఉన్నది తీగ కాలిపోకుండా కాపాడటానికి.

అలాగే, రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డెక్కించడం 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. మైనరు నడిపితే 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకు మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. పిల్లల బండి బడి ఆవరణ దాటకూడదు.

కారే కట్టాలని లేదు. ఒక చెక్క పలక మీద బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్, రెండు బల్బులు, హారన్ బిగించండి. ఉపాధ్యాయుడు ఎవరూ చూడకుండా ఒక లోపం పెట్టాలి. ఒక జట్టు వెతకాలి, ఏమి చూశారో, ఎందుకు అలా అనుకున్నారో తెలుగులో రాయాలి, తరువాత ఒడియాలో చెప్పాలి. లోపం దొరికిన జట్టే తరువాతి జట్టుకు కొత్త లోపం పెడుతుంది. వచ్చే శనివారం ఒక పీరియడ్ దీనికి కేటాయించి చూడండి.