పక్కన కూర్చునే విద్య

ఈ సంచికకు ఏదైనా ఆధ్యాత్మిక విషయం రాసి ఇమ్మని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు వెంటనే ఒప్పుకోలేదు. ఆధ్యాత్మికం పేరున నేను చేసిన ఒక తప్పు గుర్తుకొచ్చింది. చివరికి ఆ తప్పు దగ్గరే మొదలుపెడుతున్నాను.

మాది డోంగ్లి. కామారెడ్డి జిల్లాలో మహారాష్ట్ర అంచున ఉన్న ఊరు. 2022లో మండలమైంది కనుక ఇప్పుడు చిరునామాలో మద్నూరు పేరు తగిలించే పని తప్పింది. ఇంట్లో తెలుగు, దెగ్లూరు బజారుకు పోతే మరాఠీ, నలుగురు కూడితే ఉర్దూ. పీర్ల పండుగకు మా ఇంటి నుంచి కూడా ఊదు, మలీద పోయేవి. అలాయి గుండం చుట్టూ ఆడేవాళ్ళలో హిందువులే ఎక్కువ. పరమత సహనం నాకు ఒకరు నేర్పనక్కర లేదన్న ధీమాతోనే హాస్టల్లో చేరాను.

రెండో సంవత్సరంలో నా గది మిత్రుడి తండ్రి హఠాత్తుగా చనిపోయాడు. వాళ్ళు ముస్లింలు. వారం తర్వాత తిరిగొచ్చిన వాడిని కూర్చోబెట్టి, “ఆత్మకు చావు లేదురా, మీ నాయన ఈపాటికి మళ్ళా యాడనో పుట్టే ఉంటడు” అన్నాను. ఎంత మంచి మాట చెప్పానో అనుకున్నాను కూడా. వాడు నా ముఖం చూసి, “మాకు గట్ల ఉండదురా, ఊకో” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తరువాత నెల రోజులు మా మధ్య మెస్ సంగతి తప్ప వేరే మాట లేదు.

పునర్జన్మ మీద నాకున్న నమ్మకం నాకు ఓదార్పు. తీర్పు దినం వరకు తండ్రి కోసం దువా చేస్తూ ఉండాలనుకునే వాడికి అది ఓదార్పు ఎట్లా అవుతుంది? పండుగ పంచుకున్నంత సులువుగా దుఃఖం పంచుకోలేమని అప్పుడు తెలిసింది. దుఃఖం దగ్గర కూర్చోవడానికి కూడా ఒక శిక్షణ ఉన్నదనీ, దాన్ని ఆధ్యాత్మిక మార్గదర్శనం లేదా సాహచర్యం అంటారనీ తెలిసింది ఆ తరువాతనే.

ఈ సంగతి మనకు కొత్తేమీ కాదు. గురుశిష్యులు, పీరు మురీదులు మనం ఎరిగినవాళ్ళే. బౌద్ధంలో కల్యాణమిత్రుడన్న మాట ఉన్నది. అటువంటి స్నేహం ధర్మమార్గంలో సగమని ఆనందుడంటే, సగం కాదు మొత్తం అదేనని బుద్ధుడు సరిదిద్దాడట. మతాల గీత దాటిన జంటకు వీరబ్రహ్మంగారూ దూదేకుల సిద్దయ్యా ఉండనే ఉన్నారు. మా దిక్కుకు దగ్గరలో, బీదరు జిల్లా హుమ్నాబాదు వద్ద మాణిక్‌నగర్ ఉంది. అక్కడి మాణిక్ ప్రభువు (1817–1865) తన మార్గానికి సకలమత సంప్రదాయమనే పేరు పెట్టాడు. ఆయన దగ్గరికి ముస్లింలూ లింగాయతులూ వచ్చేవారు.

అయితే గురువుకూ ఈ సహచరుడికీ ఒక పెద్ద తేడా. గురువు దారి చూపుతాడు, మంత్రమిస్తాడు. సహచరుడు ఏమీ ఇవ్వడు. అవతలివాడి దారిలోనే వాడితో నాలుగడుగులు నడుస్తాడు. ఏమీ ఇవ్వకపోవడానికి శిక్షణ దేనికని నవ్వకండి. ఒక్క పావుగంట సలహా చెప్పకుండా ఎదుటివాడి మాట విని చూడండి, తెలుస్తుంది.

దీన్ని పాఠంగా మలిచిన వారిలో ఆంటన్ బోయిసెన్ అనే అమెరికా ప్రొటెస్టెంటు గురువు కథ నన్ను ఆకట్టుకుంది. 1920లో ఆయనకే మతి చలించి ఆస్పత్రి పాలయ్యాడు. కోలుకున్న తరువాత, 1925లో, వూస్టర్ మానసిక చికిత్సాలయంలో వేదాంత విద్యార్థులకు తరగతి పెట్టాడు. రోగులను సజీవ గ్రంథాలుగా చదవాలని ఆయన బోధన. ఈనాడు అమెరికాలో ఆ శిక్షణ ఒక యూనిట్ పూర్తి కావాలంటే కనీసం 400 గంటలు పడుతుంది. దీనికి పక్కనే, ఆస్పత్రి బయట కూడా నెలకోసారి ఒక గంట కూర్చుని మాట్లాడే మార్గదర్శన పద్ధతి క్రైస్తవంలో పెరిగి, క్రమంగా అన్ని మతాలవారికీ తలుపు తెరిచింది.

శిక్షణలో ముఖ్యమైన పని రాత. రోగితోనో మిత్రునితోనో జరిగిన సంభాషణను, పేరు మార్చి, గుర్తున్నంత మేరకు మాటకు మాట రాయాలి. వాడేమన్నాడు, నేనేమన్నాను, ఎక్కడ తడబడ్డాను, ఎక్కడ వాడి మాటను తుంచాను అన్నీ. దాన్ని తోటివారి ముందు చదివితే శిక్షకుడు ఒక్కో వాక్యం దగ్గర ఆపి, “ఇది ఎవరి అవసరానికి అన్నావు?” అని అడుగుతాడు. నా సంభాషణ అట్లా రాసి చూసుకుంటే సిగ్గేసింది. పునర్జన్మ మాట నా అవసరానికే అన్నాను. వాడి మౌనాన్ని నేను భరించలేకపోయాను.

మరో పద్ధతిలో ముగ్గురు కూర్చుంటారు. ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి, మూడో మనిషి వినేవాడిని గమనించాలి. సర్వమత శిక్షణలో ఇతర మతాల చావుపుట్టుకల ఆచారాలు, ప్రార్థనలు కూడా చదివిస్తారు. అది జనరల్ నాలెడ్జి కోసం కాదండీ, నోరు జారకుండా ఉండటానికి. తన మతాన్ని వదులుకోమని ఎవరూ అడగరు. విన్నది బయటపెట్టకూడదు. మనిషి ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉన్నాడనిపిస్తే మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి చేర్చాలి. అక్కడ సాహచర్యం ఒక్కటే చాలదు.

మన హైదరాబాదులో చెప్పుకోదగింది హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్. 1930లో లాహోరులో పుట్టి, ఊళ్ళు మారి, 1971లో హైదరాబాదు చేరింది. క్రైస్తవ ప్రచారకులకు ఇస్లాం గురించి నేర్పడానికి పెట్టిన సంస్థ అది. ఇప్పుడు మతాల మధ్య సంబంధాలు, సయోధ్య దాని పని. నేర్పబోయినవాళ్ళు వినడానికి వచ్చారన్నమాట! నాకు ఆ మార్పే గొప్పగా తోస్తుంది.

ఇంతా చదివి నేనేమీ నిపుణుణ్ణి కాలేదు. ఓ రాత్రి కరెంటు పోయినప్పుడు, “మీ నాయన ఎట్లుంటుండెరా?” అని మాత్రం అడిగాను. కొంతసేపు జవాబు లేదు. నేనూ మాట్లాడలేదు. తరువాత, తండ్రి సైకిల్ మీద బట్టల మూట కట్టుకొని ఊరూరా తిరిగిన సంగతి, ఫజర్ నమాజుకు లేపడానికి తన కాలి బొటనవేలు పట్టి లాగే సంగతి చెప్పుకుంటూ పోయాడు. కరెంటు వచ్చింది. వాడే లేచి లైటు ఆర్పేసి వచ్చి, మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.